లాంతరు చెప్పిన మాట



రాత్రిపూట ఏ చిన్న స్టేషన్‌లోనో ఆగిన రైలు మళ్లీ కదలబోయే ముందు, కిటికీలోంచి వెనక్కి తొంగి చూస్తే చివరి పెట్టె దగ్గర ఒక పచ్చదీపం ఊగుతూ కనబడేది. చిన్నప్పుడు ఆ దీపం చూడటానికే కిటికీ పక్కన చోటు కావాలని మా అన్నయ్యతో పేచీ పెట్టుకునేవాణ్ణి. అటు చివర గార్డుగారు దీపం ఊపితే ఇటు చివర ఇంజను కూత వేసేది. మధ్యలో అన్ని పెట్టెలు, వాటి నిండా నిద్రపోతున్న జనం. ఆ ఇద్దరికీ ఒకరి ముఖం ఒకరికి కనబడదు, ఒకరి గొంతు ఒకరికి వినబడదు. దీపమే వాళ్ల మాట.

మన రైళ్లకు ఈ దీపాల భాష ఇంగ్లండు నుంచి వచ్చింది. 1830లో లివర్‌పూల్, మాంచెస్టర్ నగరాల మధ్య రైలు మొదలైనప్పుడు దారి పొడుగునా పోలీసులను నిలబెట్టేవారు. పగలు చేతులతో, రాత్రి లాంతరుతో వాళ్లే డ్రైవరుకు సైగ చేసేవారు. అయితే ఒక లాంతరు మనిషి ప్రాణానికి ఎంత దగ్గరగా వేలాడగలదో తెలుసుకోవాలంటే మాత్రం అమెరికా వెళ్లాలి. అక్కడి గూడ్సు బండ్ల కప్పులెక్కాలి. ఇవాళ మిమ్మల్ని అక్కడికే తీసుకెళ్తాను.

1870లు, 80ల నాటి సంగతి. గూడ్సు బండిలో ప్రతి పెట్టెకూ పైన ఒక ఇనుప చక్రం ఉండేది. అదే ఆ పెట్టె బ్రేకు. దాన్ని తిప్పితే కింద గొలుసు బిగిసి, చక్రాలను బ్రేకు దిమ్మలు ఒరుసుకునేవి. ఇంజను డ్రైవరు ఒక పొట్టి కూత వేస్తే బ్రేక్‌మన్ అనే పనివాడు ఒక పెట్టె కప్పు మీంచి ఇంకో పెట్టె కప్పు మీదికి దూకుతూ, చేతికర్రను చక్రంలో దోపి, బలమంతా పెట్టి తిప్పుతూ పోవాలి. బండి నడుస్తూనే ఉంటుంది. వానాకాలం కప్పు జారుతుంది. చలికాలం దాని మీద మంచు గడ్డకట్టి ఉంటుంది. వంతెనల కింద నుంచి, సొరంగాల్లోంచి వెళ్లేటప్పుడు సరైన క్షణంలో వంగకపోతే అంతే సంగతులు. రెండు చేతులూ చక్రానికి కావాలి గనక లాంతరు పిడిని మోచేతి మడతలో తగిలించుకునేవాడు.

ఆ లాంతరు వెలుగెంతని? కాళ్ల ముందు నాలుగడుగులు కనబడితే గొప్ప. అతను దాన్ని మోసింది ముఖ్యంగా తను చూడటానికి కాదు, తనను ఎదుటివాళ్లు చూడటానికి. బండి ముందున్న డ్రైవరుకు, వెనకున్న కండక్టరుకు, అంటే అక్కడి గార్డుకు, ఆ మినుకుమినుకు కదులుతూ కనబడినంతసేపూ మనిషి ఉన్నట్టు. కనబడకపోతే జారి పడ్డాడేమోనని గుండెలు గుభేలుమనేవి.

పెట్టెను పెట్టెకు తగిలించడం ఇంకా భయంకరమైన పని. ఇంజను వెనక్కి తోస్తుంటే రెండు పెట్టెల మధ్య నిలబడి, ఇనుప కడియాన్ని చేత్తో ఎత్తి, అది ఎదుటి గాడిలోకి దూరగానే మేకు దించాలి. రెప్పపాటు ఆలస్యమైతే వేళ్లు పోతాయి, చెయ్యి పోతుంది, ఒక్కోసారి మనిషే పోతాడు. ఒక్క 1893లోనే అమెరికా రైల్వేల్లో 2,727 మంది పనివాళ్లు చనిపోయారు, 31,729 మంది గాయపడ్డారు. ప్రభుత్వం వేయించిన లెక్క ఇది. గాలి బ్రేకులు, వాటంతట అవే తగులుకునే కప్లింగులు పెట్టాలని అమెరికా కాంగ్రెస్ ఆ ఏడాదే చట్టం చేసింది. అంతకు పదేళ్ల ముందు, 1883లో, న్యూయార్క్ రాష్ట్రంలోని ఒనియాంటా అనే ఊళ్లో కొందరు బ్రేక్‌మన్లు ఒక గార్డు పెట్టెలో కూర్చుని తమకొక సంఘం పెట్టుకున్నారు. చనిపోయినవాళ్ల భార్యాబిడ్డలకు ఏదైనా ఆసరా దొరకాలన్నది వాళ్ల మొదటి తపనల్లో ఒకటి.

అలాంటి చోట లాంతరు ఏం మాట్లాడేదో చూడండి. పట్టాలకు అడ్డంగా అటూ ఇటూ ఊపితే ఆగమని. పైకీ కిందికీ ఊపితే పొమ్మని. ఆగి ఉన్న బండికి ఎదురుగా గుండ్రంగా తిప్పితే వెనక్కి రమ్మని. నడుస్తున్న బండి మీంచి చెయ్యి బారుచాచి పెద్ద సున్నా చుట్టినట్టు తిప్పితే, బండి మధ్యలో తెగిపోయిందని అర్థం. అప్పుడు వెనక ముక్క వచ్చి ముందు ముక్కను గుద్దకుండా డ్రైవరు జాగ్రత్త పడాలి. కంపెనీకొక తీరుగా ఉన్న ఈ సైగలను అన్ని రైల్వేలకూ ఒకటిగా చేయడానికి 1880ల దాకా పట్టింది. ఆ నియమాల్లో నాకు ఎంతో ఇష్టమైనది ఒకటుంది. పట్టాల దగ్గర ఎవరైనా సరే, ఏ వస్తువునైనా సరే గట్టిగా, కంగారుగా ఊపితే బండి ఆపాలి. ఊపేవాడు రైల్వే మనిషి కానక్కర్లేదు, చేతిలో ఉన్నది లాంతరూ కానక్కర్లేదు. మన రైల్వే నియమాల్లోనూ దీని తోబుట్టువు ఉంది. ఎర్రదీపం చేతిలో లేనప్పుడు తెల్లదీపాన్నే అడ్డంగా, గట్టిగా ఊపితే అది ఆపమన్న సైగే.

ఇక లాంతరు సంగతి. మన ఇళ్లలో వేలాడిన హరికేన్ లాంతరుకు ఇది దగ్గరి చుట్టం. కాకపోతే గాజు చుట్టూ గట్టి తీగల పంజరం ఉంటుంది. కిందపడ్డా, దొర్లినా గాజుకు దెబ్బ తగలకూడదు కదా. న్యూయార్క్‌లో డీట్జ్ అనే ఆయన 1840లో మొదలుపెట్టిన కంపెనీ, షికాగోలో ఆడమ్స్ అండ్ వెస్ట్‌లేక్ కంపెనీ వీటిని లక్షలకొద్దీ చేశాయి. మొదట్లో తిమింగలం నూనె, తర్వాత పందికొవ్వు నూనె, ఆ తర్వాత కిరసనాయిలు. లాంతర్లు ఇళ్లకు వెళ్లిపోకుండా రైల్వే కంపెనీలు తమ పేరులోని అక్షరాలను రేకు మీద ముద్రించేవి, గాజులోనే పోతపోయించేవి. కండక్టర్ల లాంతర్ల షోకు వేరు. నికెల్ పూత, పైసగం పచ్చగా కిందిసగం తెల్లగా ఉండే గాజు, దాని మీద చెక్కిన యజమాని పేరు. తోటివాళ్లు చందాలేసుకుని కానుకగా ఇచ్చినవి కొన్ని మ్యూజియంలలో ఇప్పటికీ ఉన్నాయి. సాయంత్రమయ్యేసరికి వత్తి కత్తిరించి, మసిబారిన చిమ్నీని బూడిదతో తుడిచి, పాతగుడ్డతో తళతళలాడించడం మన ఇళ్లలో ఒకప్పుడు పిల్లల పని. ఆ పని చేసినవాళ్లకు తెలుసు, దీపం మీద మనిషికి ఎలా మమకారం పుడుతుందో. బ్రేక్‌మన్ కూడా రోజూ డ్యూటీకి ముందు అదే పని చేసేవాడు. గాజు మీద మసి ఉంటే అతని మాట అవతలివాడికి అందదు మరి.

రంగుల విషయంలో మాత్రం మొదటితరం పెద్ద పొరపాటు చేసింది. ఎరుపు ప్రమాదం, పచ్చ జాగ్రత్త, తెలుపు పొమ్మని. ఇంగ్లండులో 1841లో రైల్వే అధికారులు కూర్చుని ఒప్పుకున్న వరస ఇది. అమెరికాలోనూ ఇదే నడిచింది. తెలుపు అంటే ఇంకేం లేదు, మామూలు దీపమే. సిగ్నల్ స్తంభం మీది ఎర్రగాజు పగిలి రాలిపోతే లోపలి దీపం తెల్లగా కనిపిస్తుంది. అంటే ఆగు అని చెప్పవలసిన సిగ్నల్, పాడైన క్షణంలో పో అని చెబుతుంది! దానికి తోడు ఊళ్లు పెరిగాయి. వీధిదీపాలు, ఇళ్ల కిటికీలు, అన్నీ తెల్లదీపాలే. వాటిలో ఏది సిగ్నలో, ఏది ఎవరింటి వసారాలో దీపమో డ్రైవరు ఎలా పోల్చుకోవాలి? అందుకని తెలుపును తీసేసి పచ్చను పొమ్మనే రంగుగా మార్చారు. జాగ్రత్తకు పసుపు తెచ్చారు. ఇప్పుడు మన కూడళ్లలో వెలిగే మూడు రంగులకూ మూలం ఆ దిద్దుబాటే. పసుపు ఎరుపులా కనబడకూడదు, పచ్చ నీలంలా కనబడకూడదు. కార్నింగ్ అనే ఊళ్లోని గాజు ఫ్యాక్టరీవాళ్లు ఆ ఛాయలను తేల్చడానికి ఏళ్ల తరబడి కష్టపడ్డారు.

అయితే గాజు ఎంత మంచిదైనా, చూసే కన్ను సరిగా లేకపోతే? స్వీడన్‌లో లాగర్‌లుండా అనే చోట 1875 నవంబరులో రెండు రైళ్లు ఎదురెదురుగా గుద్దుకుని తొమ్మిదిమంది చనిపోయారు. ఉప్సలా విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్రం చెప్పే హోమ్‌గ్రెన్ అనే ప్రొఫెసరు ఆ వార్త చదివి, లాంతరు రంగు ఎవరికో తేడాగా కనబడి ఉండవచ్చని అనుమానించాడు. ఆ ప్రమాదానికి అదే కారణమన్న మాటను ఈనాటి పరిశోధకులు ఒప్పుకోవడం లేదు. కాని అనుమానం మాత్రం వృథా కాలేదు. ఆయన ఒక రైలుమార్గంలో పనిచేసే 266 మందిని పరీక్షిస్తే 13 మందికి వర్ణాంధత్వం ఉందని తేలింది. పరీక్ష ఎంత సులువైనదో! బల్ల మీద రంగురంగుల ఉన్ని చిలపలు కుప్పపోసి, లేత పచ్చ చిలప ఒకటి చేతికిచ్చి, దీని పోలికవన్నీ ఏరమన్నాడు. రంగు పేరు అడగలేదు. అక్కడే ఉంది ఆయన తెలివి. రంగులు తేడాగా కనబడేవాళ్లు కూడా చిన్నప్పటినుంచీ ఆకు పచ్చన, నెత్తురు ఎరుపు అని విని పేర్లు సరిగ్గానే చెప్పేస్తారు. ఏరమంటే మాత్రం చెయ్యి తడబడుతుంది. మన రైల్వేలో డ్రైవరు ఉద్యోగాలకు వెళ్లిన కుర్రాళ్లకు ఈ పరీక్షల సంగతి బాగా తెలుసు. చుక్కల మధ్య దాగిన అంకెలను చదివించే పుస్తకంతో పాటు, చీకటి గదిలో ఒక లాంతరులోంచి కనబడే సన్నటి రంగుచుక్కలను గుర్తుపట్టమనే పరీక్ష కూడా ఉంది. రాత పరీక్ష నెగ్గి, ఆ చీకటి గదిలో వెనుదిరిగిన పిల్లవాడి బాధ చిన్నది కాదు. అయినా ఆ తలుపు అక్కడ ఉండి తీరాలి.

ఇంకో చిక్కు గాజుతోనే. లోపల మంట, బయట చలి. కాలిపోతున్న చిమ్నీ మీద ఒక్క వానచినుకు పడితే చాలు, ఠప్పున పగిలేది. ఎంతో అవసరమైన రాత్రే దీపం నోరు పడిపోయేది. దీనికి విరుగుడుగా కార్నింగ్ రసాయన శాస్త్రవేత్తలు వేడికి పెద్దగా వ్యాకోచించని బోరోసిలికేట్ గాజు తయారుచేశారు. దాని వాణిజ్యనామం నోనెక్స్. మంచు పడ్డా, వాన పడ్డా చెక్కుచెదరలేదు. తర్వాతి కథ మన వంటిళ్ల దాకా వస్తుంది. 1913లో ఆ కంపెనీలో పనిచేసే లిటిల్‌టన్ అనే శాస్త్రవేత్త భార్య బెస్సీ, తన వంటపాత్ర పగిలిపోయిందని, మీ గాజు అంత గట్టిదైతే ఒక ముక్క తెచ్చిపెట్టమని భర్తను అడిగింది. బ్యాటరీల కోసం చేసిన గాజు జాడీ అడుగు కోయించి తెచ్చాడాయన. ఆమె అందులో కేకు చేసింది. కేకు సమంగా ఉడికింది, గిన్నెకు అంటుకోలేదు, ఎంత ఉడికిందో బయటినుంచే కనబడింది. రెండేళ్లకు, 1915లో, పైరెక్స్ పేరుతో గాజు వంటపాత్రలు బజారుకొచ్చాయి. ఓవెన్‌లో పెట్టే గాజుగిన్నెను మీరు ఈసారి చేతిలోకి తీసుకున్నప్పుడు, వానలో తడుస్తూ గూడ్సు కప్పు మీద నడిచిన ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి.

దీపం ఆరిపోతే ఏం చెయ్యాలో చెప్పిన ఆడపిల్ల కథ ఒకటుంది. అది చెప్పకుండా ఈ ప్రసంగం ముగించలేను.

అయోవా రాష్ట్రంలో మొయింగోనా అనే చిన్న ఊరు. దాని దగ్గర హనీ క్రీక్ అనే వాగు గట్టున కేట్ షెల్లీ కుటుంబం ఉండేది. ఐర్లండ్ నుంచి వలస వచ్చినవాళ్లు. తండ్రి రైలుపట్టాల పని చేసేవాడు, చనిపోయాడు. తల్లి, చిన్నపిల్లలు, అందరికన్నా పెద్దది కేట్. ఇంకా ఇరవై నిండలేదు. 1881 జులై 6 రాత్రి కుండపోత. వాగు పొంగింది. దారి ఎలా ఉందో చూసి రమ్మని పంపిన ఒక ఇంజను, నలుగురు మనుషులతో సహా, వంతెన విరిగి వాగులో పడిపోయింది. ఆ చప్పుడు కేట్ వింది. అర్ధరాత్రి వేళకు పడమటినుంచి ఎక్స్‌ప్రెస్ బండి రావాలి. ఆ సంగతీ తనకు తెలుసు. రైలు మనిషి బిడ్డ కదా.

ఇంట్లో ఒక పాత లాంతరు చట్రం ఉంది. దాంట్లో గని కార్మికులు వాడే చిన్న దీపం వేలాడదీసి, పాత లంగా గుడ్డ చింపి వత్తి చేసి వెలిగించింది. వాగు ఒడ్డుకు పరుగెత్తితే ఇద్దరు చెట్లు పట్టుకుని అరుస్తున్నారు. వాళ్లను తనొక్కతీ కాపాడలేదు. స్టేషన్‌కు వెళ్లాలి. మైలు పైచిలుకు దూరం. మధ్యలో డె మోయిన్ నది మీద పొడవాటి రైలువంతెన. మనుషులు నడవకూడదని దాని మీద పలకలు తీసేశారు. స్లీపరుకూ స్లీపరుకూ మధ్య ఖాళీ, కింద వరద. వంతెన దగ్గరికి వచ్చేసరికి గాలికి దీపం ఆరిపోయింది. అగ్గిపెట్టె తడిసిపోయి ఉంటుంది, ఎలా వెలిగిస్తుంది? చేతులూ మోకాళ్లూ ఆన్చి, స్లీపరు స్లీపరుగా తడుముకుంటూ పాకింది. మెరుపు మెరిసినప్పుడు దారి కనబడేది, మెరుపు పోతే మళ్లీ చీకటి. కొట్టుకొచ్చిన పెద్దచెట్టు ఒకటి స్తంభాన్ని గుద్దుతుందేమోనని బిక్కుబిక్కుమంటూ ఉండిపోయిన క్షణం గురించి ఆమే తర్వాత చెప్పుకుంది. అవతలి ఒడ్డు చేరి స్టేషన్ దాకా పరుగెత్తి విషయం చెప్పింది. ఎక్స్‌ప్రెస్ ఆగింది. ఆ తర్వాత సహాయానికి వచ్చినవాళ్లకు దారి చూపిస్తూ మళ్లీ వెనక్కి వెళ్లింది. చెట్లు పట్టుకుని వేలాడుతున్న ఇద్దరూ బతికారు. కేట్ చాలా ఏళ్ల తర్వాత, 1903లో, అదే మొయింగోనా స్టేషన్‌కు ఏజెంటుగా వచ్చింది. 1912లో కన్నుమూసింది. అక్కడి ఎత్తైన రైలువంతెనకు ఆమె పేరే నిలిచిపోయింది.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు మన పాలమూరు గుర్తొస్తుంది. 1956 సెప్టెంబరులో ఒక రాత్రి జడ్చర్ల, మహబూబ్‌నగర్‌ల మధ్య వానకు వంతెన కొట్టుకుపోయింది. రైలు అందులో పడిపోయి వందమందికి పైగా చనిపోయారు. అప్పుడు రైల్వే మంత్రిగా ఉన్న లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వబోయారు. ప్రధాని ఒప్పుకోలేదు. మూడు నెలలు తిరక్కుండా తమిళదేశంలో అరియలూరులో అలాంటిదే మరొకటి జరిగాక ఆయన ఆగలేదు. వానాకాలం రాత్రుళ్లు పట్టాల వెంట గస్తీ నడిచే గ్యాంగ్‌మన్ గురించి మనం ఎప్పుడైనా ఆలోచించామా? చేతిలో దీపం, సంచిలో పట్టా మీద పెట్టి పేల్చే టపాకాయలు, నెత్తిన గోనెసంచో గొడుగో. తన హద్దు దాకా నడిచి, అటునుంచి వచ్చిన గస్తీవాణ్ణి కలిసి, మళ్లీ వెనక్కి. ఆ దారిలో ఒక్క కల్వర్టు కోసుకుపోయి కనిపిస్తే, తెల్లవారేలోగా వందల ఇళ్లలో దీపం నిలిచేదీ ఆరేదీ ఆ ఒక్కడి చేతిదీపాన్ని బట్టే.

చివరగా నీలంరంగు లాంతరు గురించి చెప్పాలి.

ఆగిన బండి కిందికి దూరి చక్రాలో బ్రేకులో బాగుచేసే పనివాడికి బయట ఏం జరుగుతోందో తెలియదు. ఇంజను వచ్చి తగులుకున్నా, ఎవరైనా పొమ్మని సైగ చేసినా అతను కిందే ఉంటాడు. అరిచినా వినబడదు. అందుకని అమెరికా రైల్వేలవాళ్లు పగలు నీలం జెండా, రాత్రి నీలం లాంతరు పెట్టమన్నారు. అది వేలాడుతుంటే ఆ బండిని కదపకూడదు, దానికి ఇంకో పెట్టె తగిలించకూడదు. దీపం కనబడకుండా పోయేలా అదే పట్టాల మీద మరో పెట్టెను తెచ్చి నిలపాలంటే కూడా ముందు ఆ పనివాళ్లకు చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ దీపాన్ని ఎవరు పెట్టారో వాళ్లే తియ్యాలి. స్టేషన్ మాస్టరు తియ్యకూడదు, యార్డు అధికారి తియ్యకూడదు, బండి ఎంత ఆలస్యమవుతున్నా డ్రైవరు దిగివచ్చి తియ్యకూడదు. రెండు రకాల పనివాళ్లు ఒకే బండి కింద పనిచేస్తుంటే ఎవరి దీపం వాళ్లది. ఒకళ్లు పని ముగించి తమది తీసుకెళ్లినా రెండోది వేలాడుతూనే ఉంటుంది. ఇది ఇప్పటికీ అక్కడ చట్టం. కిరసనాయిలు పోయి బ్యాటరీ దీపాలు వచ్చాయి, నియమం మాత్రం మారలేదు.

పెద్ద యార్డు. నడిరాత్రి దాటింది. వరసగా నిలబడ్డ పెట్టెల చివర నీలం దీపం ఒకటి. దూరంగా ఇంజను ఆవిరి వదులుతూ కాచుకుని ఉంది. పెట్టె కింద నుంచి ఒక మనిషి పాకుతూ బయటికొస్తాడు. నడుము పట్టుకుని నిలబడతాడు. చేతుల జిడ్డు గుడ్డకు తుడుచుకుంటాడు. లోపల ఇంకెవరూ లేరు కదా అని మరొక్కసారి వంగి చూస్తాడు. అప్పుడు వచ్చి తన దీపం తను తీసుకుంటాడు.